నిత్యానందం చూసిన ఊళ్ళు

ఆకివీడులో చేపల లారీ డ్రైవరు నిత్యానందం చూడని ఊరు లేదని అందరూ అంటారు. ఆయన భార్య విజయకుమారి చెప్పబట్టే వాళ్ళంతా అలా అంటున్నారు. ఆమెకెవరు చెప్పారంటే నిత్యానందమే చెప్పాడు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ముప్పై ఒక్క ఏళ్ళపాటు ఆయన కొల్లేటి పక్క చెరువుల్లో పట్టిన బొచ్చెల్నీ శీలావతుల్నీ ఐసులో పేర్చుకుని హౌరాకీ, సిలిగురికీ, గౌహతికీ మోసుకెళ్ళాడు. వెనక నుంచి నీళ్ళు కార్చుకుంటూ పోయే ఆ లారీలను చూస్తే కార్లవాళ్ళు ముక్కు మూసుకుని తిట్టుకుంటారు. ఆ తిట్లు వినడానికైనా ఆగే తీరిక డ్రైవరుకి ఉండదు. ఆగితే ఐసు కరుగుతుంది. ఐసు కరిగితే సరుకు మెత్తబడుతుంది. మెత్తబడిన చేపని హౌరా బజారులో మొప్ప ఎత్తి చూసి అవతలికి గిరాటేస్తారు. అందుకే లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. ఒకడు తోలుతుంటే రెండోవాడు సీటు వెనక బెర్తు మీద పడి నిద్రపోతాడు. సరుకు దిగిందాకా ఆ చక్రం ఆగదు. సరుకు దిగాక మనిషికి ఒళ్ళు తెలియదు.

ఇలా తిరిగినవాడు ఏం చూస్తాడు? డీజిలు బంకులు చూస్తాడు, చెక్‌పోస్టులు చూస్తాడు, ముందు పోయే లారీ వెనక రాసిన రాతలు చూస్తాడు. నిత్యానందం అవన్నీ బాగా చూశాడు. బ్రహ్మపుత్ర మీది వంతెన దాటిన ప్రతిసారీ మాత్రం ఆయన నిద్రలోనే ఉన్నాడు. వంతు అలా పడేది. సిలిగురి నుంచి మంచుకొండ కనబడుతుందంటారు. ఆయన వెళ్ళినప్పుడల్లా పొగమంచే కనబడింది, అదీ చేపల బజారు మీద. దేశం ఆ కొస నుంచి ఈ కొసదాకా తిరిగి ఏమీ చూడకుండా వచ్చిన మనిషి ఆయన. అందులో తప్పేమీ లేదు. ఆ పని అలాంటిది. తప్పు వేరే ఉంది.

పెళ్ళయిన ఏడాది, కొడుకు సుకుమార్ ఇంకా తల్లి కడుపులో ఉండగా, నిత్యానందం హౌరాలో కమిషను కొట్టు ఫోను నుంచి ఇంటికి మాట్లాడాడు. ఇల్లంటే ఇల్లు కాదు, ఇంటి పక్క మందుల షాపు. విజయకుమారి ఫోను పట్టుకుని ఏడుస్తోంది. ఒంటరిగా భయమేస్తోందట, ఆయనెప్పుడొస్తాడట. ఏం చెప్పాలో ఆయనకి తోచలేదు. ఎదురుగా గోడ మీద ఒక క్యాలెండరు వేలాడుతోంది. దాని మీద ఒక పెద్ద సరస్సు, మధ్యలో చిన్న కొండ, చుట్టూ తెల్లటి పక్షులు. కింద చిలికా అని రాసుంది. వచ్చేటప్పుడు దారిలో చిలికా చూశానని చెప్పాడు. మన కొల్లేటికి అక్కలా ఉందన్నాడు. మాది కొల్లేరని చెబితే పడవాయన డబ్బులు కూడా తీసుకోకుండా కొండదాకా తీసుకెళ్ళాడన్నాడు. అవతల ఏడుపు ఆగింది.

"బాగుందాండీ?" అంది విజయకుమారి.

చాలా బాగుందన్నాడు. అంతే, దానితో బోణీ అయింది.

ఆ తర్వాత ఫోను చేసిన ప్రతిసారీ ఆమె ఏం చూశారని అడిగేది, ఆయన ఏదో ఒకటి చూపించేవాడు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు కదా, ఆ విద్య ఆయనకి బాగా అబ్బింది. డాబాల దగ్గర తగిలే యాత్రా బస్సుల డ్రైవర్లని అడిగి వివరాలు పట్టేవాడు. గోడల మీది క్యాలెండర్లు మారుతూనే ఉండేవి. చిలికాలో డాల్ఫిన్లు పడవ పక్కకొచ్చి మొహం ఎత్తి చూశాయన్నాడు. సిలిగురిలో తెల్లవారుతుంటే మంచుకొండ మీద కుంకుమ జల్లినట్టు ఉంటుందన్నాడు. బ్రహ్మపుత్రలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే అటు ఒడ్డు కనబడనే కనబడదన్నాడు. సెల్‌ఫోన్లొచ్చి లోకమంతా ఫోటోలు తీసుకుంటున్నా, నిత్యానందం మాత్రం స్టీరింగు వదిలేదాకా బటన్ల ఫోనునే పట్టుకు వేలాడాడు. కళ్ళు కనపడవే, ఆ గీకే ఫోను నాకెందుకు అనేవాడు. అరవై కిలోమీటర్ల వేగంలో ఎదురొచ్చే బండి నంబరు చదవగలిగిన కళ్ళు అవి.

విజయకుమారి అంగన్‌వాడీలో టీచరు. ఆదివారాలు చర్చిలో సండే స్కూలు చెప్పేది. ఆయన చెప్పిన ఊళ్ళన్నీ పిల్లలకి కథలుగా చెప్పింది. ఆమె చేతికింద చదువుకున్న పిల్లలకి బ్రహ్మపుత్ర ఎలా ఉంటుందో మన బుడమేరు కన్నా బాగా తెలుసు. ఆమె మాత్రం ఆకివీడు దాటింది తక్కువ. మంచాన పడ్డ అత్తగారికి ఎనిమిదేళ్ళు చాకిరీ చేసింది. ఏటా చర్చివాళ్ళు బస్సు మాట్లాడుకుని వేళాంగణి వెళ్ళేవాళ్ళు. ఆ జాబితా రాసే సిల్వియమ్మ వచ్చి పేరు రాయమంటావా అని అడిగేది, ఈమె ఈసారికి వద్దులే అనేది. అలా అంటూ అంటూనే ఆమెకి అరవై దగ్గరపడ్డాయి.

సుకుమార్‌ది తాడేపల్లిగూడెంలో బండ్లకి బాడీలు కట్టే షెడ్డు. వాటర్ ట్యాంకర్లు, ఐసు వ్యాన్లు కట్టుకుంటూ బతుకుతున్నవాడికి ఈ మధ్య కొత్త పని తగిలింది. రొయ్యల చెరువుల వాళ్ళు పాత టెంపోలు తెచ్చిచ్చి, వాటిలో మంచాలూ గ్యాసు పొయ్యీ బాత్రూమూ పెట్టి కారవాన్ చేసిపెట్టమంటున్నారు. నాలుగు బండ్లు కట్టాక చెయ్యి తిరిగి, ఐదోది తనే పెట్టుకుని అద్దెకి తిప్పుతున్నాడు. మొన్న ఫిబ్రవరిలో దానికి పదిహేను రోజులు బేరం లేకపోయింది. అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్ళిరండి అన్నాడు. నాన్న కంటే మంచి డ్రైవరు ఎక్కడ దొరుకుతాడన్నాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఆకివీడులో భోజనాల దగ్గర పంచాయితీ పెట్టారు. కోడలు పెర్సిస్ ఫోనులో రెండు జాబితాలు రాసుకొచ్చింది. ఒకటి తెలిసిన దారి, అంటే మావయ్యగారి పాత రూటు. చిలికా, పూరీ, హౌరా, ఓపికుంటే సిలిగురి. రెండోది కొత్త దారి. మధురై, కన్యాకుమారి, అక్కణ్ణుంచి కేరళ. తెలిసిన దారైతే ఎక్కడ బండి ఆపుకోవాలో, ఎక్కడ నీళ్ళు పట్టుకోవాలో వెతుక్కోనక్కర్లేదు. కొత్త దారైతే సరదా ఎక్కువ, తిప్పలూ ఎక్కువే. పెర్సిస్ ఇవన్నీ విడమరిచి చెప్పింది. మావయ్యగారు తెలిసిన దారే అంటారని ఆమె ముందే అనుకుంది.

నిత్యానందం కన్యాకుమారి అన్నాడు. అడిగీ అడగకముందే అన్నాడు. తిరిగిన దారే మళ్ళీ తిరిగితే గానుగెద్దు బతుకే కదా అన్నాడు. అక్కడ మూడు సముద్రాలు కలుస్తాయన్నాడు. ఉత్తరాన రోడ్లు బాగోవన్నాడు, నీళ్ళు పడవన్నాడు, ఫిబ్రవరిలో అక్కడేమీ ఉండదన్నాడు. అంత గడగడా మాట్లాడుతుంటే సుకుమార్ కూడా ఆశ్చర్యపోయి చూశాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అంటే ఇదే, కానీ అక్కడున్న వాళ్ళెవరికీ దొంగతనం జరిగిందనే తెలియదు.

విజయకుమారి వడ్డన ఆపింది. సాధారణంగా ఆమె ఇలాంటి వాటిలో నోరెత్తదు.

"మీకు పాతదేనండీ. నాకన్నీ కొత్తేగా," అంది. "మీరు చూసినవి నాకూ చూడాలనుంది. నాకింకే ఊరూ వద్దు."

నిత్యానందం ఎత్తిన ముద్దని మళ్ళీ కంచంలో పెట్టేశాడు. ఆ దారిలో వెళితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆమె పక్కన కూర్చుని ఇదేనా అదేనా అని అడుగుతుంది. ఏ మలుపు నుంచి సరస్సు కనబడుతుందో, ఏ రేవులో పడవ ఎక్కాలో ఆయన చెప్పలేడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆయనకున్న విలువంతా ఆ ఊళ్ళ మీదే నిలబడింది. పోనీ అప్పుడే నిజం చెప్పేస్తే గొడవ వదిలిపోయేది. కొడుకూ కోడలూ ఎదురుగా ఉన్నారు. పులుసు చల్లారిపోతోంది. ఎలా చెబుతాడు? ఎంత చేతకానివాడికైనా అబద్ధం మొదలుపెట్టడం వచ్చు. దాన్ని దించుకోవడం మాత్రం ఎంతటి మొనగాడికీ రాదు.

సుకుమార్ తల్లి వైపే మొగ్గాడు. ఈ వయసులో తెలియని ఘాట్ రోడ్లెందుకు నాన్నగారూ, కళ్ళు మూసుకుని వెళ్ళగలిగే దారి ఉండగా అన్నాడు. కళ్ళు మూసుకునే వెళ్ళానురా అని నిత్యానందం నోటిదాకా వచ్చి ఆగింది. పాస్టరు గారొచ్చి బండికీ మనుషులకీ ప్రార్థన చేశారు. ఒక సోమవారం పొద్దున్నే బయల్దేరారు.

మొదటి రోజు హాయిగా గడిచిందనే చెప్పాలి. గోదావరి వంతెన మీద విజయకుమారి అద్దం దించి చిన్నపిల్లలా చూసింది. అన్నవరం దాటాక రోడ్డు పక్కన ఆపి, బండిలోనే పొయ్యి వెలిగించి ఉప్మా చేసింది. కదిలే ఇంట్లో వంట చేయడం ఆమెకి మహా వింతగా ఉంది. శ్రీకాకుళం అవతల ఒక బంకులో బండి పెట్టుకుని పడుకున్నారు. ఆ బంకువాడు నిత్యానందాన్ని గుర్తుపట్టి పలకరించాడు. చూశారా, మిమ్మల్ని దారంతా ఎరుగుదురు అని ఆమె మురిసిపోయింది. నిజమే, దారి మీద అందరూ ఆయన్ని ఎరుగుదురు. ఆయనే ఎవరినీ దేన్నీ ఎరగడు. చిలికా దగ్గరకొస్తున్న కొద్దీ ఆయన వేగం పెంచాడు. ఏదో ఒక వంక పెట్టి దాన్ని దాటేస్తే పూరీ వచ్చేస్తుంది, పూరీలో సముద్రమే కదా, సముద్రం ఎక్కడైనా సముద్రమే అని ఆయన లెక్క.

రెండో రోజు మధ్యాహ్నం బలుగావ్ దగ్గర విజయకుమారి ఆకలంది. ఆయన ఆపనన్నాడు. ఆమె బోర్డు చూసింది. తెలుగులో రాసిన బోర్డు, ఆంధ్రా భోజనం అని. అక్కడ ఆపక తప్పలేదు.

ఆ హోటలు తాతారావుది. తణుకు పక్క పల్లె నుంచి వెళ్ళి పాతికేళ్ళ కిందట అక్కడ పొయ్యి పెట్టుకున్నాడు. చేపల లారీల వాళ్ళందరికీ ఆయన అన్నమే దిక్కు. నిత్యానందాన్ని చూడగానే గల్లా పెట్టె వదిలి ఎదురొచ్చాడు. భార్యని తీసుకొచ్చాడని తెలిసి ఇంకా సంబరపడి, వేడిగా అప్పడాలు వేయించమని లోపలికి కేకేశాడు. నిత్యానందం తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని తింటున్నాడు. విజయకుమారికి మాత్రం మొహం వెలిగిపోతోంది. సరైన మనిషి దొరికాడనుకుంది. మా వారిని కొండదాకా తీసుకెళ్ళిన పడవాయన ఇంకా ఉన్నాడా అన్నయ్యగారూ, ఆ డాల్ఫిన్లు ఈ నెలలో కనబడతాయా అని అడిగింది.

తాతారావుకి పాపం ఏమీ తెలియదు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

"పడవెక్కడిదమ్మా? డాల్ఫిన్లు ఇటేపు ఉండవండీ, అవి సాతపడా వైపు, ఇక్కణ్ణుంచి చాలా దూరం," అన్నాడు. "ఈయన చిలికా చూడ్డమేంటండీ! మా హోటలు వెనకాల రెండు కిలోమీటర్లు నడిస్తే సరస్సు. ఒక్కసారి చూసి రండి డ్రైవరు గారూ అని ఇరవయ్యేళ్ళు చెప్పాను. ఐసు కరిగిపోద్దండీ అనేవారు. చెయ్యి తడారకుండానే బండెక్కేసేవారు. అంత నమ్మకమైన డ్రైవర్ని నేను చూళ్ళేదమ్మా."

విజయకుమారి అవునాండీ అంది. తర్వాత మజ్జిగ పోసుకుంది. అన్నం పారేయడం ఆమెకి అలవాటు లేదు, విస్తరి ఖాళీ చేసి లేచింది. తాతారావు పైకం తీసుకోనన్నాడు. ఆమె పెట్టె మీద పెట్టి, దండం పెట్టి వచ్చి బండెక్కింది.

నిత్యానందం స్టీరింగు ముందు కూర్చున్నాడుగానీ తాళం తిప్పలేదు. తిట్టినా బాగుండునని చూశాడు. ఆమె సండే స్కూల్లో పిల్లల్ని అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది. బ్రహ్మపుత్ర? నిద్రలో ఉన్నానన్నాడు. సిలిగురి కొండ? పొగమంచన్నాడు. పూరీ సముద్రం? అటు రోడ్డే వేరన్నాడు. హౌరా వంతెన? అది చూశాను విజయా, ఒట్టు, దూరం నుంచి చూశాను అన్నాడు ఆత్రంగా. ముప్పై ఒక్క ఏళ్ళకి ఆయన దగ్గర మిగిలిన నిజం అదొక్కటే. అది చెప్పుకుంటుంటే ఆయనకే ఏడుపొచ్చింది.

"ఆ రోజు ఫోన్లో నువ్వు ఏడుస్తున్నావు. అందుకని చెప్పాను," అన్నాడు.

"ఆ ఒక్కరోజు ఏడ్చి ఊరుకుందును కదండీ," అంది విజయకుమారి.

రోడ్డు మీద ఒక చేపల లారీ నీళ్ళు కార్చుకుంటూ పోయింది. ఆంధ్రా బండే. నిత్యానందం దాని వైపు చూడలేదు.

"మీ అమ్మగారి పక్కగుడ్డలు ఉతికేటప్పుడు అనుకునేదాన్నండీ, ఇద్దర్లో ఒకరైనా లోకం చూస్తున్నారు, నాకది చాలని," అంది ఆమె. "ఒక్కోసారి కుళ్ళుకునేదాన్ని కూడా. నేనిక్కడ చస్తుంటే ఈయన పడవల్లో తిరుగుతున్నారని. మీరు పడేది కూడా కష్టమేనని తెలిస్తే, నేను మీ మీద జాలన్నా పడేదాన్ని. అది కూడా లేకుండా చేశారు."

నిత్యానందం ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె లాక్కోలేదు, పట్టుకోనూ లేదు. వెనక రెండు కిలోమీటర్లలోనే సరస్సుంది, పద ఇప్పుడే చూద్దాం అన్నాడు. ఇంకా పదమూడు రోజులున్నాయి, బ్రహ్మపుత్రదాకా వెళదాం, ఇద్దరికీ కొత్తే కదా అన్నాడు. ఆయన జీవితంలో చెప్పిన మంచి మాట అదేనేమో. ఇరవయ్యేళ్ళ కిందట చెప్పవలసింది.

"నేను కొత్త ఊళ్ళు చూద్దామని రాలేదండీ. మీరు చూసినవి చూద్దామని వచ్చాను," అంది విజయకుమారి. "అవి ఎక్కడా లేవుగా. బండి తిప్పండి."

ఆయన బండి తిప్పాడు. వెళ్ళిన దారినే వెనక్కొచ్చారు. గోదావరి వంతెన మీద ఆమె అద్దం దించలేదు. మధ్యలో రెండుసార్లు వంట చేసింది, ఆయనకి వడ్డించింది, కాళ్ళు నొప్పులు పెడుతున్నాయా అని అడిగింది. కోపం ఉన్నట్టు ఎక్కడా కనబడలేదు. నిత్యానందాన్ని అదే భయపెట్టింది.

నాలుగో రోజు సాయంత్రం బండి తాడేపల్లిగూడెం షెడ్డులోకి వచ్చేసరికి సుకుమార్ వెల్డింగు ఆపి పరుగెత్తుకొచ్చాడు. పదిహేను రోజులకని వెళ్ళినవాళ్ళు నాలుగు రోజులకే వచ్చారేమిటని కంగారు. విజయకుమారి నడుం పట్టేసిందిరా, అంతకంటే ఏం లేదు అంది. పెర్సిస్ టీ పట్టుకొచ్చి, అత్తగారి పక్కన కూర్చుని, చిలికా అయినా చూశారా అత్తయ్యా, ఎలా ఉందని అడిగింది.

నిత్యానందం టీ గ్లాసు పట్టుకుని నేలవంక చూస్తున్నాడు. ఇక్కడ ఆమె చెప్పేస్తుందని అనుకున్నాడు. చెప్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. కొడుకు నాలుగు మాటలంటాడు, కోడలు చాటుగా నవ్వుకుంటుంది, అక్కడితో తెగిపోతుంది.

"మావయ్యగారు చెప్పినట్టే ఉందమ్మా," అంది విజయకుమారి. మధ్యలో కొండ, చుట్టూ తెల్లటి పక్షులు ఉన్నాయంది. మాది కొల్లేరని చెబితే పడవాయన డబ్బులు కూడా తీసుకోలేదంది. డాల్ఫిన్లు ఇటువైపు ఉండవు, సాతపడా వైపు ఉంటాయట, అదొక్కటీ కుదరలేదంది. ఎక్కడా తడబడలేదు. పెర్సిస్ కళ్ళు పెద్దవి చేసుకుని వింది.

నిత్యానందం తలెత్తి చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

సుకుమార్‌కి ఉత్సాహమొచ్చింది. వేసవి బేరాలు అయిపోయాక మళ్ళీ బండి ఖాళీ ఉంటుందన్నాడు. నడుం తగ్గాక ఈసారి కొత్త చోటికి, నాన్నగారు అడిగిన కన్యాకుమారికి వెళ్ళి రండి, ఇద్దరూ చూసినట్టుంటుంది అన్నాడు.

"నేనెందుకురా మధ్యలో," అంది విజయకుమారి. "నాన్నగారొక్కరే వెళ్ళొస్తారులే. వచ్చి చెబుతారు. నేను వింటాను."

పెర్సిస్ నవ్వింది. మావయ్యగారు చెబితే చూసినట్టే ఉంటుందంది. సుకుమార్ కూడా నవ్వుతూ ఖాళీ అయిందనుకుని తండ్రి చేతిలోంచి గ్లాసు తీసుకోబోయాడు. టీ అలాగే ఉంది.